బూడిద కలవని శాంపిల్

పోయిన బుధవారం హిందూపురంలో మా ల్యాబ్ సార్ కన్నుమూశారు. ఫోన్ చేసిన వాళ్లబ్బాయి, "ఆస్పత్రిలో గూడా నర్సుల్ని చేతులు కడుక్కోమని సతాయించినాడక్కా నాయన" అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది. ఈ ఉద్యోగంలో నేను తలెత్తుకుని నిలబడ్డానంటే ఆయన వల్లే.

తొంభైల చివర్లో పెనుకొండ దగ్గర నర్సుగా కొత్తగా చేరాను. పిల్లలకు ఎక్కడ కాలు పడిపోయినా, వాళ్ల మలం శాంపిల్ తెచ్చి, పోలియోనా కాదా తేల్చడానికి బెంగళూరు పంపడం సార్ పని. చొక్కా జేబులో సబ్బుబిళ్ల, ఒళ్లో ఐసు పెట్టె, హిందూపురం నుంచి ధర్మవరం దాకా బస్సుల్లో తిరిగేవారు. "ఐస్‌క్రీమా సార్?" అని కండక్టర్ అడిగితే, "కావాల్నా అబ్బా?" అని నవ్వకుండా మూత మీద చెయ్యి వేసేవారు.

ఒక పల్లెలో మూడేళ్ల పాపకు జ్వరం, విరేచనాలు తగ్గాక ఎడమ కాలు పడిపోయింది. కబురు వినగానే నాకు ఆ ఇంటి తలుపు గుర్తొచ్చింది. పోలియో చుక్కలు వేసిన ఆదివారం ఆ ఇంటికి తాళం ఉంది. మళ్లీ వెళ్లడానికి బద్ధకించి, చుక్కలు వేసినట్టే తలుపు మీద సుద్దతో గుర్తు పెట్టి వచ్చేశాను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

సార్ వెంట వెళ్లాను. పాప అవ్వ శాంపిల్ డబ్బా తెచ్చిచ్చింది. తెరిస్తే నిండా బూడిదే. "అట్లే ఎత్తి ఇస్తే ఏం మర్యాద నాయనా? బూడిద పోసి ఎత్తినా" అంది. మా పల్లెల్లో ఎవరైనా చేసే పనే. కానీ బూడిద కలిస్తే శాంపిల్ పరీక్షకు పనికిరాదు. నాకు కోపం వచ్చింది, సార్‌కు రాలేదు. "శుభ్రమైన చెయ్యి అవ్వా నీది. ఈ రెండు దినాలు మాత్రం రవంత గలీజుగా ఉండు" అన్నారు. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రోజుకొకటి చొప్పున రెండు శాంపిళ్లు కావాలి కనుక, రెండు రోజులూ ఆయనే వచ్చి పట్టుకెళ్లారు.

రిపోర్టుకు చాలా రోజులు పట్టింది. పాప తల్లి కనబడినప్పుడల్లా, "ఆ ఆదివారం శెనక్కాయ పెరకను పోయినా సిస్టర్. నా బిడ్డ కాలు నేనే పోగొట్టినా" అని ఏడ్చేది. అయినా నేను నోరు విప్పలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పోలియో కాదని వచ్చింది. "పోలియో క్రిమికి దాయాదులు శానా ఉండాయమ్మా" అన్నారు సార్. "అన్నిటికీ ఒకటే ఇంటిపేరు, గుణాలు వేరు. కొన్ని కడుపు పట్టుకుంటాయి, కొన్ని గొంతు. ఇది ఇంకొకటి. చుక్కలేసినా ఇది ఆగేది కాదు. కాలు మెల్లగా వస్తాదిలే."

భోరుమని ఏడ్చి, గుర్తు సంగతి చెప్పేశాను. సార్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఈసారి బతికిపోయినావు. అది నీ గొప్ప కాదు. ఆయమ్మ తప్పంతా తనదే అనుకుంటాండాది. పోయి చెప్పు."

"పైవాళ్లకు చెప్పొద్దా సార్?"

"ముందు ఆయమ్మకు. తర్వాత పైవాళ్లకు."

మర్నాడు చుక్కల మందు తీసుకుని వెళ్తుంటే ఆయనా నాతో వచ్చారు. పాప గోడ పట్టుకుని నిలబడి ఉంది. నేను తల్లి ముందు కూర్చుని గొంతు సవరించుకోగానే, సార్ లేచి వాకిట్లోకి వెళ్లిపోయారు. నేను చెబుతున్నంతసేపూ, ఆమె నన్ను తిడుతున్నంతసేపూ, చివరికి పాపను నా ఒళ్లో కూర్చోబెట్టి "ఇప్పుడన్నా వెయ్యి" అన్నప్పుడూ, ఆయన మావైపు వీపు తిప్పి, రోడ్డు చూస్తూ ఎండలోనే నిలబడి ఉన్నారు.