తూకం అక్క వచ్చే రోజు

ఆ ఉదయం తూకం అక్క కాళ్ళు నేల మీద ఆగలేదు. కొక్కెం త్రాసు భుజాన వేసుకుని దర్జీ ఇంటికి పరుగులాంటి నడక. ఇవాళ దర్జీ కూతురు రెండున్నర కిలోలు తూగితే గండం గడిచినట్టే.

పదిహేడేళ్ళుగా ఆవిడ ఉద్యోగం ఇదే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల బరువు చూడటం. అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ పట్టదు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

ఈ పిల్ల పదహారు వందల గ్రాములతో పుట్టింది. తల్లిపాలే పట్టాలి, ఒంటికి ఒళ్ళు ఆనించి వెచ్చగా ఉంచాలి, స్నానం ఊసెత్తకూడదు అని చెప్పింది అక్క. దర్జీ మెత్తటి గుడ్డతో ఒక పట్టీ కుట్టాడు. భార్య అలసిపోతే తనే చొక్కా విప్పి పిల్లను గుండెకు కట్టుకుని మిషను తొక్కేవాడు.

"మిషను చప్పుడు లేకపోతే నిద్రపోదక్కా. నా కొట్టుకి వారసురాలు" అని మురిసిపోయేవాడు.

పద్దెనిమిది వందల దగ్గర ముల్లు మొండికేసింది. అక్కకు గుబులు పుట్టింది. వారానికోసారి వచ్చేది కాస్తా రోజు విడిచి రోజు రాసాగింది. ముల్లు వెనక్కి నడిచింది. పిల్ల పాలు తాగుతోంది, జ్వరం లేదు. మరి ఏమిటి లోపం? అక్కకు అన్నం సయించలేదు.

ఒకరోజు చెప్పిన వేళకు గంట ముందే వెళ్ళింది. దర్జీ తల్లి పిల్లను తొట్టిలో కడుగుతోంది. పిల్ల పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి.

"వద్దన్నాను కదా పెద్దమ్మా?"

"రోజూ కాదమ్మా, నువ్వొచ్చే రోజే. ఉద్యోగస్తురాలివి, ఎత్తుకుంటావు. మాసిన పిల్లని నీ చేతికెలా ఇస్తాం?"

అప్పుడు అర్థమైంది అక్కకు. తను ఎన్నిసార్లు వస్తే పిల్లకు అన్ని స్నానాలు. తాగిన పాలు ఒళ్ళు వేడెక్కడానికే చాలకపోతే కండ ఎక్కడ పడుతుంది? తన తొలి బిడ్డనూ పుట్టగానే ఇలాగే శుభ్రంగా కడిగి చేతికిచ్చారు. మూడు రోజులు బతికింది.  అక్క గబగబా దర్జీ పిల్లను తుడిచి, మిషను దగ్గరున్న అతని గుండె మీద పెట్టింది.

"ఇక నా కోసం పిల్లకి చుక్క నీళ్ళు తగిలినా నీ గడప తొక్కను పెద్దమ్మా."

అది జరిగి ఏడు వారాలు. ఇవాళ కొట్టు నిండా వీధి జనమే. పిల్లను త్రాసు ఉయ్యాల్లో వేశారు. ముల్లు ఊగి ఊగి ఆగింది. రెండు కిలోల ఐదు వందల నలభై. దర్జీ అక్కడే చతికిలబడి ఏడ్చేశాడు.

అక్క చేతులు చాచింది. పెద్దమ్మ ఇవ్వడానికి మొహమాటపడింది.

"ఒళ్ళంతా పాల వాసనమ్మా. నీ బట్టలకంటుతుంది."

"అంటనీ పెద్దమ్మా" అని అక్క పిల్ల మెడలో ముఖం దాచుకుంది. తన బిడ్డ ఉన్న మూడు రోజులూ సబ్బు వాసనే వేసింది.