అరగని ఎడమ బూటు

బస్సు డిపోలో టైర్లు మార్చే అతన్ని ఫుట్‌బాల్ మైదానంలో జనం స్టెప్నీ అని పిలిచేవారు. పిలవరా మరి? ఏడేళ్ళుగా అతను ఆడేది ఇంకొకరికి దెబ్బ తగిలినప్పుడే. వయసు ముప్పై నాలుగు, రెండు మోకాళ్ళకూ పట్టీలు, ఇదే ఆఖరి సీజనని ఇంట్లో మాట కూడా ఇచ్చేశాడు. తను ఎవరి చోటులో ఆడాలో ఆ మహానుభావుడు పరాయివాడైనా కొంత నయంగా ఉండేది. సాక్షాత్తూ బావమరిది. ఇంట్లో చిన్నోడు, బయట ఊరందరికీ హీరో.

చిన్నోడంటే స్టెప్నీకి కడుపుమంట. దీన్ని మర్యాదగా చెప్పడానికి ఇంకో మాట లేదు. వాడు గోల్ కొడితే అతనూ చప్పట్లు కొట్టేవాడు, కానీ కొట్టేవి చేతులు మాత్రమే. బెంచీ చివర కూర్చుని వాడి కాళ్ళనే చూసేవాడు. ఏ కాలు ముందు పడుతోంది, ఎటు తిరుగుతోంది, వాడికి కుదిరింది తనకెందుకు కుదరలేదు? కట్టుకున్నదాని మొహం కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

సీజన్ మొదట్లోనే చిన్నోడి ఎడమ మోకాలు మెలిపడి ఆపరేషన్ దాకా వెళ్ళింది. స్టెప్నీ ఆసుపత్రికి పళ్ళు పట్టుకెళ్ళాడు, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి బూట్లు పాలిష్ చేసుకున్నాడు. ఆ తర్వాత ఏడు నెలల్లో పదకొండు గోల్స్ కొట్టాడు. ఇక ఒక్క మ్యాచ్ మిగిలింది, గెలిస్తే కప్పు. సరిగ్గా అప్పుడే డాక్టరు చిన్నోడికి ఆడొచ్చని కాగితం రాసిచ్చాడు. వండింది నేను, తినడానికి వీడొచ్చాడా అని స్టెప్నీ లోలోపల ఉడికిపోయాడు.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. దెబ్బ నుంచి కోలుకున్నవాడు అరగంట ప్రాక్టీసు ఆడాలి. అతని చోటులో ఆడుతున్నవాడే అతనికి అడ్డం నిలబడాలి. మర్నాడు కోచ్‌కి అవునో కాదో చెప్పాల్సింది కూడా వాడే.

“దెబ్బ తగిలినోడు అబద్ధం చెప్తాడు, డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్తాడు. ఢీకొట్టినోడికే అసలు సంగతి తెలుస్తుంది” అనేవాడు ముసలి కోచ్. పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టుందని జట్టంతా నవ్వుకునేది.

ఆ అరగంటలో చిన్నోడు స్టెప్నీని మూడుసార్లు దాటేశాడు. గోడెక్కి చూస్తున్నవాళ్ళు ఈలలే ఈలలు.

“ఎట్లా ఉంది బావా?” అన్నాడు చిన్నోడు, రొప్పుతూ.

“ఏముందిరా, బండి కండిషన్లో ఉంది” అన్నాడు స్టెప్నీ.

అందరూ స్నానాలకు వెళ్ళాక బట్టలు మార్చుకునే గదిలో ఒక్కడే మిగిలాడు. అరలో చిన్నోడి బూట్లు కనబడ్డాయి. డిపో అలవాటు ఊరుకోనిస్తుందా? తీసి తిరగేశాడు. కొని రెండు వారాలైన బూట్లు, రోజూ వాటితోనే వాడి పరుగు. కుడిదాని అడుగు అప్పుడే సగం అరిగింది. ఎడమది కొట్లోంచి తెచ్చినట్టే ఉంది. ఒక్క టైరే అరుగుతోందంటే తప్పు టైరుది కాదు, బరువంతా దానిమీదే పడుతోందని అర్థం. చిన్నోడు ఎడమకాలు ఆనించడం లేదు. మూడుసార్లూ వాడు ఒకే పక్కనుంచి దాటడం స్టెప్నీకి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి వెళ్ళగానే భార్య అడిగింది: “మా వాడు ఆడతాడా?”

“చూద్దాం.”

“మరి ఈల వేస్తున్నారేంటి?”

ఈల వేస్తున్నట్టు అతనికే తెలియదు. ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. “వాడి కాలు బాగుంటే మీరు ఈల వెయ్యరు” అని లోపలికి వెళ్ళిపోయింది.

స్టెప్నీకి తల కొట్టేసినట్టయింది. సిగ్గేసింది, అయినా లోపలి సంతోషం తగ్గలేదు. ఆడొచ్చంటే వాడి మోకాలు జన్మలో బాగుపడదు. వద్దంటే ఓర్వలేక అన్నాడంటారు, అదీ అబద్ధం కాదాయె. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు బూట్లు రెండూ తీసుకెళ్ళి కోచ్ బల్లమీద బోర్లా పెట్టాడు.

“వద్దు సార్. వాడు కుడికాలి మీదే నెట్టుకొస్తున్నాడు.”

కోచ్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఇది బాధపడి చెప్తున్నావా, సంతోషపడి చెప్తున్నావా?”

“సంతోషపడే సార్. అయినా నిజం.”

చిన్నోడికి కబురెళ్ళింది. వాడు బూట్లు చూసి తల దించుకున్నాడు. “నొప్పిగానే ఉంది సార్. ఎవరికీ తెలియదనుకున్నా.” తర్వాత స్టెప్నీ వైపు తిరిగాడు. “ఈ బూట్లు తిరగేసి చూడాలని నీకెట్లా తోచింది బావా?”

ఏడేళ్ళుగా నీ కాళ్ళు చూసి ఏడుస్తున్నాను, అందుకే అని ఎలా చెప్తాడు? “డిపో అలవాటు” అన్నాడు.

ఆఖరి మ్యాచ్‌లో మొదటి పది నిమిషాలూ జనం చిన్నోడి పేరే అరిచారు. స్టెప్నీకి మళ్ళీ కడుపు మండింది. ఆ మంటలోనే ఆడాడు. రెండో సగంలో బంతి అతని ఎడమకాలికి తగిలి గోల్లోకి దూసుకుపోయింది. చేతులెత్తి బెంచీ వైపు తిరిగాడు.

బెంచీ చివర, ఏడేళ్ళు తను కూర్చున్న చోటే చిన్నోడు కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. కొడుతున్నవి చేతులు మాత్రమే. చూపంతా స్టెప్నీ కాళ్ళమీద ఉంది.

ఆ చూపు స్టెప్నీకి తెలియనిదా! తనను చూసి ఏడ్చేవాడు ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడు, వాడూ చిన్నోడే. అతని గుండె నిండిపోయింది. మైదానం మధ్యకు వెళ్ళడానికి దగ్గరి దారి ఉన్నా, కావాలనే బెంచీ ముందునుంచి, వాడికి రెండు కాళ్ళూ బాగా కనబడేలా పరుగెత్తాడు.