బొడ్డెమ్మకు తీసిన మన్ను

నా చిన్నప్పుడు మా ఊరి వాగుకు వంతెన లేదు. వానాకాలం వస్తే లక్సెట్టిపేట తొవ్వ బందే. బెల్లంపల్లి గనిలో బొగ్గు డబ్బాలు లాగే ఇనుప తాళ్ల దగ్గర పనిచేసి వచ్చిన మా తాత, పనికిరాని తాళ్లు తెచ్చి తానే వేలాడే వంతెన కట్టాడు. అటు రెండు, ఇటు రెండు టేకు గుంజలు. వాటి మీదుగా తాళ్లు, తాళ్లకు తీగలు, తీగలకు చెక్కలు.

"అడవిల తీగెలల్లి వాగు దాటినోళ్లే దీనికి మొదటి మేస్త్రీలు. సముద్రం మీద కట్టినా గింతే, బిడ్డా," అనేవాడు. తాళ్ల కొసలు బండలకు చుట్టి, ఒడ్డున గుంతల్లో పాతి, పైన ఎర్రమన్ను కుప్ప పోశాడు.

పక్కింటి అక్క పాలచెంబుతో రోజూ దాని మీదే పోయేది. "తాతా, ఉయ్యాలైతే మంచిగనే కట్టినవ్, జోలపాట ఎవ్వలు పాడాలె?" అని నవ్వించేది.

బతుకమ్మకు ముందు బొడ్డెమ్మ పండుగ. ఆడపిల్లలం మన్నుతో అంతస్తులుగా బొడ్డెమ్మను చేస్తాం. పుట్టమన్ను కోసం చేను దాకా ఎవరు పోతారు? వంతెన దగ్గర మెత్తటి మన్ను ఉండనే ఉంది. గంపలకు గంపలు నేనే తవ్వి తెచ్చాను. వాడకట్టులో మా బొడ్డెమ్మే ఎత్తు.

తర్వాత రెండు రోజులు ఒకటే వాన. తవ్విన చోట నీళ్లు దిగి, బండ కదిలి, తాడు జారింది. వంతెన ఒక పక్కకు ఒరిగి, దాటుతున్న అక్క రాళ్ల మీద పడింది. విరిగిన కాలు మళ్లీ సరిగా అతకలేదు.

"తుక్కు తాళ్లతోని వంతెన కట్టిండు, పెద్ద ఇంజనీరు!" అని జనం మా వాకిట్లోకి వచ్చారు. అప్పటికే గుంత చూసి వచ్చిన తాత, ఎర్రటి బొడ్డెమ్మను చూశాడు. నన్ను చూశాడు.

"తప్పు నాదే. గుంత లోతు తియ్యలే," అన్నాడు వాళ్లతో.

నన్ను మాత్రం ఒడ్డుకు తీసుకుపోయాడు. "అందరు మీది తాడునే చూస్తరు. మోసేది కింది బండ. దాన్ని పట్టుకునేది గీ మన్ను. నీకు ముందుగాల్నే చెప్పాలె, చెప్పకపోతి." అంతే, ఒక్క దెబ్బ కొట్టలేదు. మళ్లీ కడతానంటే ఊరు కట్టనియ్యలేదు. ఆ నిందతోనే పోయాడు.

అక్క కుంటుతూ ఎదురైనప్పుడల్లా తాతనే తిట్టేది. నేను తల వంచుకొని వినేదాన్ని. ఆమె పోయింది. మా ఆయనకైనా చెబుదాం చెబుదాం అనుకుంటుండగానే ఆయనా పోయాడు. మొన్న మనవరాలు కరీంనగర్ తీగల వంతెన చూపించింది. అందరూ పైకి చూసి ఫోటోలు దిగుతుంటే నాకు కాలు ముందుకు పడలేదు. "భయమా, అమ్మమ్మా?" అంది. భయం కాదు బిడ్డా, నేను చెప్పేది కాగితం మీద రాయి అన్నాను. ఆ మన్ను తీసింది నేను. తాత తవ్వుతున్నప్పుడు ఆ గుంతలోకి దిగితే నాకు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు, అంత లోతు.