ఎలుక గుండె, ఆయా చెయ్యి

మొన్న డాక్టరుగారు నా ఛాతీకి నాలుగైదు బిళ్ళలు అతికించి, వాటి వైర్లను నడుముకు కట్టిన చిన్న పెట్టెకు కలిపి, గుండె సంగతి రేపటిదాకా ఇదే రాసుకుంటుందని చెప్పి ఇంటికి పంపించేశారు. మధ్యాహ్నం మంచం మీద వాలి నా గుండె చప్పుడు నేనే వింటూ ఉంటే, కళ్ళు పూర్తిగా మూతపడకముందే గుంటూరులో నేను పరిశోధన చేసిన రోజుల నాటి ఎలుకల గది కళ్ళముందుకొచ్చింది. మీలో ఆ కాలంలో ప్రయోగశాలల్లో మసలినవాళ్ళెవరైనా ఉంటే, బోనుల్లో పరిచే ఆ వరిపొట్టు వాసన మీకూ గుర్తుండే ఉంటుంది.

మెదడులో మందు వచ్చి తగులుకునే చోట్లుంటాయి, రిసెప్టర్లంటాం. వాటిలో ఒక రకాన్ని మందుతో మూసేస్తే భయం తగ్గుతుందా, దాంతోపాటు గుండె వేగమూ తగ్గుతుందా అన్నది నా పరిశోధన. గళ్ళు గీసిన చెక్కపెట్టెలో ఎలుకను వదిలి, అది ధైర్యంగా మధ్యకు వస్తుందో, గోడవారగా నక్కుతుందో చూసి, ఆనక తువ్వాలులో చుట్టి దాని గుండె గీతలు కాగితం మీదికి తీసేదాన్ని. ఆ గది చూసుకునే ఆయా నాకు సాయం. పని త్వరగా తెములుతుందని, పోల్చి చూడడానికి ఉత్త ఉప్పునీళ్ళ సూది వేసినవాటిని నేనూ, మందు వేసినవాటిని ఆవిడా బోనులోంచి తీసి పట్టుకునేట్టు వాటాలు వేశాను. ఆ తెలివితక్కువ పని నాదే, ఇంకెవరిదీ కాదు. కానీ ఏం చెప్పను, కిటికీ జాలీలోంచి ఎండ పడుతుంటే, అరచేతిలో ఆ పిడికెడు ప్రాణం టిక్కుటిక్కుమంటుంటే, నాకు అన్నం వేళ కూడా గుర్తొచ్చేది కాదు.

మాఘమాసం వెళ్ళేసరికి విచిత్రం మొదలైంది. మందు పడ్డ ఎలుకలు నెమ్మదించాల్సిందిపోయి మూలకు నక్కి వణికేవి, వాటి గుండెలు పరుగులు తీసేవి. పుస్తకాల్లో ఉన్నదానికి పూర్తిగా తలకిందులు! నా పరిశోధన చూసే మా మాస్టారి ఆనందం ఇంతా అంతా కాదు, ఢిల్లీ సదస్సులో చదవడానికి నా పేరు పంపేశారు. నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

అంతలో ఒకరోజు ఆయా జ్వరమొచ్చి రాలేదు. రెండు వరసల ఎలుకలనూ నేనే పట్టాను. మందువాటిలో ఒక్కటీ ఉప్పునీళ్ళవాటికంటే ఎక్కువ భయపడలేదు. తేడా మందుది కాదు, పట్టిన చేతిదని తోచి, మర్నాడు ఆవిడ రాగానే చెయ్యి పట్టుకుని వాసన చూశాను. మిరపకాయ ఘాటు! పొద్దున్నే మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయి, అట్నుంచి అటే మా దగ్గరికి వస్తోందట. బయటి ఊరి మనిషైతే మొదటిరోజే తుమ్మి పట్టేసేవాడు; గుంటూరులో పుట్టి పెరిగిన నా ముక్కుకు ఆ కాలంలో అది వాసన కిందే లెక్క కాదు.

"రోజూ రెండుసార్లు సబ్బెట్టి కడుక్కుంటన్నానమ్మా, వాటికి మండుద్దని నాకేం తెలుసు?" అని బిక్కచచ్చిపోయింది. "మాస్టారుగారికి చెబితే నన్ను పనిలోంచి తీసేస్తారేమోనమ్మా."

రెండురోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. దాచేస్తే ఢిల్లీ, పేరు. చెబితే ఆవిడ నోటి దగ్గర కూడు పోతుంది. చివరికి వాటాలు మాటల్లోనే తారుమారు చేసి, మందు ఎలుకలను పట్టింది నేనేననీ, ఇంట్లో కారం కలిపిన చేతులతో పట్టాననీ మాస్టారితో చెప్పాను. ఆయన ఢిల్లీకి పంపిన నా పేరు వెనక్కి తీసుకున్నారు. "మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టమ్మా," అన్నారు.

మొదలెట్టాను. తీరా చూస్తే ఆ మందు చేసిందేమీ లేదు. దాన్నే రాసి డాక్టరేటు తెచ్చుకున్నాను. ఆయా మాత్రం, మూగజీవాలు కదమ్మా అని, ఆ మర్నాటి నుంచే తొడిమల పని మానేసింది. ఎలుకలు నెమ్మదించాయని సంబరపడ్డానే గానీ, పొద్దుటి కూలి లేకుండా ఇల్లెలా గడుపుతున్నావని ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు ఎలుక ఒంట్లోనే చిన్న యంత్రం పెడుతున్నారు, గుండె కొలవడానికి ఎవరూ పట్టుకోనక్కర్లేదు. పట్టుకుంటే ఎవరు పట్టుకున్నారో కూడా రాయమంటున్నారట, మంచిదే. నా సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో మాస్టారికి, లైబ్రరీవాళ్ళకి, టైపు చేసినాయనకి కూడా కృతజ్ఞతలున్నాయి. ఆవిడకు లేవు. రాద్దామని కలం పట్టుకున్నమాట నిజమే, కానీ పేరు తెలియదు. నాలుగేళ్ళపాటు ఆయా అని పిలిచి, అప్పుడు వెళ్ళి నీ పేరేమిటని అడగడానికి సిగ్గేసి, ఆ పేజీ అలాగే టైపుకి ఇచ్చేశాను.