సగం కోసిన కొమ్మను చూసి నవ్వని మనిషి

పచ్చి వేపకొమ్మ కోస్తే వచ్చే చేదు వాసన ముక్కుకు తగలగానే నాకు గొంతులోకి దిగుతుంది. ఈ ఉదయం పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంటు ముందు కొమ్మలు దించుతుంటే మళ్ళీ అదే వాసన. దాని వెంటే మల్లేశన్న గుర్తొచ్చాడు. చెట్లు కత్తిరించే పని నాకు నేర్పింది ఆయనే. బక్కపలచని మనిషి. మాట తక్కువ, చెట్టు చుట్టూ తిరగడం ఎక్కువ. పావుగంట తలెత్తి చూస్తేగానీ రంపం సంచిలోంచి తీసేవాడు కాదు. అప్పటికి నాకు ముప్పై దాటాయి, ఓపిక మాత్రం రాలేదు. ఆయన అలా తిరుగుతుంటే నాకు ఒళ్ళు మండేది.

ఈ పనిలో నాకసలు గిట్టనివాళ్ళు సొంతవైద్యం కస్టమర్లు. ఫోన్‌లో వీడియో చూస్తారు, ఒక రంపం కొనుక్కొస్తారు, ఆదివారం పూట చెట్టెక్కేస్తారు. కొమ్మకు ముందు కింద గాటు పెట్టాలని తెలియదు. పైనుంచే కోస్తారు. సగం తెగేసరికి కొమ్మ తన బరువుకు తానే విరిగి, మాను బెరడును మూరెడు మేర ఒలుచుకుంటూ దిగుతుంది. ఆ గాయానికి ఇంట్లో మిగిలిన పెయింటు పూస్తారు. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటే ఇదే కదా! మల్లేశన్న మాత్రం వాళ్ళను పల్లెత్తు మాట అనేవాడు కాదు. పైగా పక్కన నిలబడి, చేతికందే కొమ్మలన్నీ వాళ్ళతోనే కోయించేవాడు. "గట్ల అందరికీ నేర్పితే మనకు పనేడుంటదన్నా?" అని ఒకసారి కస్సుమన్నాను. "చెయ్యి అందనియన్ని మనయే కదరా, ఫికరెందుకు?" అన్నాడు.

అమీర్‌పేటలో సరోజక్క అని ఒకామె బ్లౌజులు కుట్టేది. సిరిసిల్ల నుంచి వచ్చిన కుటుంబం. కింద కుట్టు మిషన్లు, పైన రెండంతస్తుల్లో కోచింగులకు వచ్చిన ఆడపిల్లల హాస్టల్, గేటు మీదికి వంగిన వేపచెట్టు. ఆమె సొంతంగా నాలుగు కొమ్మలు చీల్చిపెట్టాక మమ్మల్ని పిలిచింది. "బట్ట కోసే చెయ్యి, కొమ్మ కోసుడెంతసేపు అనుకున్న తమ్మీ" అంది నవ్వుతూ. నా నోరు ఊరుకుంటుందా? "బట్ట తప్పు కోస్తే కుట్టుకుంటవు. గీ చెట్టును ఏ దారంతోని కుడ్తవక్కా? పిచ్చోడి చేతిల రాయి లెక్కున్నది నీ రంపం!" అన్నాను. మెట్ల మీదున్న హాస్టల్ పిల్లలు పకపకా నవ్వారు. సరోజక్క ముఖం చిన్నబోయింది. లోపలికి వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది, మేము వెళ్ళేదాకా తలెత్తలేదు.

దారిలో మల్లేశన్న స్కూటర్ ఆపాడు. "మాటైతే మంచిగనే పేలింది నీకు. కానీ గా అక్క ఇగ మనల్ని పిలువది."

"పిలువకపోతే పోనియన్నా."

"మనల్ని పిలుసుడు బంద్ చేస్తది. కోసుడు బంద్ చేస్తదా?" అన్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

తాను ముట్టుకున్న చెట్టును అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆగి చూసుకోవడం మల్లేశన్నకు అలవాటు. నెల తర్వాత ఒక మధ్యాహ్నం అలాగే ఆగి నాకు ఫోన్ చేశాడు. "తాళ్లు పట్టుకొని ఉరుకు." వెళ్ళి చూశాను. నడుమంత లావు కొమ్మ సగం తెగి, చీలిన బెరడుకు వేలాడుతోంది. సరిగ్గా గేటు మీద. పాత చీరను మెలిపెట్టి దాన్ని కిటికీ చువ్వలకు కట్టింది సరోజక్క. పిల్లలను వెనక సందు నుంచి పొమ్మని, ఎవరూ మరిచిపోయి గేటువైపు రాకుండా తానే గేటు లోపల ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కాపలా కూర్చుంది, ఆ కొమ్మ కిందే. రెండు రోజులుగా!

"ఒక్క ఫోన్ చెయ్యరాదా అక్కా?" అన్నాడు మల్లేశన్న.

"ఎట్ల చెయ్యాలె? మళ్ల నవ్వుతరు" అంది. నా వైపు చూడలేదు.

"మనం తర్వాత మాట్లాడుకుందం. ముందుగాల నువ్వు జరుగు" అని ఆమెను చెయ్యిపట్టి ఇవతలికి తెచ్చాడు. నేను తాడు భుజాన వేసుకుని నిచ్చెనను గోడకు ఆనిస్తుండగానే చీర పర్రుమంది. కొమ్మ దబ్బున పడింది. స్టూల్ మూడు ముక్కలైంది. దుమ్ము తగ్గాక ఆ ముక్కలను ఏరి గోడ పక్కన పెట్టాను. ఆ కొమ్మను కోసింది ఆమే, నిజమే. ఆమెను దాని కింద కూర్చోబెట్టింది నా నోరు.

మల్లేశన్న నన్ను ఒక్క మాట అనలేదు. మానుకు మిగిలిన కొమ్మ మొండిని చూపించి రంపం సరోజక్క చేతికిచ్చాడు. నాతో, "నువ్వు నిచ్చెన పట్టుకో" అన్నాడు. ఎక్కడ కోయాలో సుద్దతో గీత గీశాడు. ఆమె గీత దాటకుండా, బట్ట కోసినంత నున్నగా కోసింది. "మాఫ్ చెయ్యక్కా" అన్నాను కింద నుంచి. "గది సరే గానీ, నిచ్చెన గట్టిగ పట్టు, నేను పడ్డనంటే నీ మీదనే పడ్త!" అంది. అప్పుడు నవ్వాం, ఆమెతో కలిసి.

మల్లేశన్న పోయి మూడేళ్ళవుతోంది. ఆయన నాకు నేర్పిన కోతలన్నీ ఎవరి దగ్గరైనా నేర్చుకునేవాణ్ణేమో. ఈ ఒక్కటి మాత్రం ఇంకెవరూ నేర్పేవారు కాదు. ఆ రుణం ఈ జన్మకు తీరదు. నోటి దురద నాకింకా పోలేదు, అబద్ధమెందుకు. మొన్న ఎర్రమంజిల్ నుంచి ఒక రిటైరైన పెద్దమనిషి ఫోన్ చేశాడు. మామిడికొమ్మ సగం కోశాడట, రంపం ఇరుక్కుపోయిందట. ఇంట్లోవాళ్ళకు వినపడకుండా గుసగుసగా చెబుతున్నాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది ఒక మాట. మింగేశాను.

"ఏం బాబూ, నవ్వుతున్నవా?" అన్నాడు.

"లేదు సార్. ఫోన్ చేసిండ్రు, మస్తు మంచి పని చేసిండ్రు. కొమ్మ కిందికి ఎవ్వర్నీ రానియ్యకుండ్రి, మీరు సుత దూరం జరుగుండ్రి. నేనొస్తున్న" అన్నాను.