ముందు నడిచే వంతు

కెనడాలోని కెబెక్ కొండల అడవిలో ఆదివారం నడక ఉందంటే ఒడెట్‌కు గురువారం నుంచే నిద్ర పట్టదు. "మంచుచెప్పులేసుకుని సరదాగా తిరిగొద్దామంటే నీకెందుకే ఇంత హైరానా?" అని స్నేహితులు నవ్వుతారు. ఆమె ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, బఠాణీ సూపు కలుపుతూ, ఎవరి చేతితొడుగులు ఇంకా ఆరలేదో అడుగుతూనే ఉంటుంది. ఈసారి దిగులు వేరు. ఆకులు రాలే కాలంలో గుండె ఆపరేషనైన అన్న ఫెర్నాన్ తానూ వస్తానన్నాడు. నడవొచ్చు గానీ ఆయాసపడకూడదన్నాడు డాక్టరు. కాళ్లు కూరుకుపోకుండా కట్టుకునే ఆ వెడల్పాటి చెప్పులతో కొత్త మంచు తొక్కి దారి చేస్తూ ముందు నడవడం అక్కడ అందరికీ వంతులవారీ పని. వంతు వదులుకునే మనిషి కాదు ఫెర్నాన్. అందుకే ఒడెట్ శనివారం ఎవరికీ చెప్పకుండా వెళ్లి దారంతా తానే తొక్కి వచ్చింది.

మర్నాడు ఆ దారి చూసి ఫెర్నాన్ ఆగాడు. "బాతులా పాదాలు బయటికి తిప్పి నడిచేది నువ్వే కదే?"

"జింకలేమో అన్నయ్యా."

"చెప్పులేసుకున్న జింకలా?"

తన వంతు రాగానే అతను దారి వదిలి పక్కనున్న మెత్తటి మంచులోకి దిగి కొత్త దారి తొక్కసాగాడు. ఒడెట్ వెనకే నడుస్తూ, ఊడని చెప్పు పట్టీ ఊడిందంటూ మాటిమాటికీ వంగి అతణ్ణి ఆగమంది. కాసేపటికి ఆమె పిలవకముందే అతను చెట్టుకు ఆనుకున్నాడు.

"కట్టుకో," అన్నాడు ఊపిరి కూడదీసుకుంటూ. "మెల్లగా కట్టుకో."