నలభయ్యో నంబరు తిండిపోతు

గొర్రెల పరిశోధన కేంద్రంలో ముప్పయ్యేళ్లుగా మేత వేస్తున్న ఆయన్ని అందరూ మేతాయన అనే పిలుస్తారు. ఆయనకున్న దిగులల్లా తన బొజ్జ గురించే. ఆ దిగులును పెద్ద సారు ఒక్క మాటతో తీర్చేశారు.

తొట్టెలకు కొత్తగా యంత్రాలు బిగించారు. గొర్రె తల దూర్చగానే యంత్రం దాని చెవిబిళ్ల చదివి, ఎంత మేసిందో రాసుకుంటుంది. నలభయ్యో నంబరు గొర్రె మిగతావాటికి రెట్టింపు మేస్తోందని తేలింది.

"తిండియావ రక్తంలోనే ఉంటుందయ్యా. అన్నీ జన్యువులు! ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? మనుషులూ అంతే. నీ బొజ్జ మీ నాన్నిచ్చిన ఆస్తి" అంటూ సారు ఆ నంబరును శుక్రవారం కబేళా లారీ జాబితాకెక్కించారు. "ఈ సంతానం మనకొద్దు."

మేతాయన గాల్లో తేలిపోతూ ఇంటికెళ్లాడు. "ఇక నన్నేమీ అనకు. తప్పంతా మా నాన్నది. సైన్సు తేల్చేసింది" అని కంచం ముందుకు జరిపాడు.

భార్య గరిటె పట్టుకునే నవ్వింది. "చాల్లెండి సంబడం! మామగారు ఎండుపుల్లలా ఉండేవారు. తన కంచంలో సగం మీ కంచంలోకి తోసేవారు. అది ఏ యంత్రం రాసుకుంది?"

మేతాయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే, యంత్రం రాసుకోనిది ఇక్కడా ఏమైనా ఉందేమోనని తొట్టె పక్కన గొంతుక్కూర్చున్నాడు. నలభయ్యో నంబరు తల దూర్చి, కాస్త మేసి, తల బయటికి తీయకుండానే పక్కకి ఒదిగింది. దాని మెడ కిందనుంచి గుడ్డి ముసలి గొర్రె ఒకటి మూతి పెట్టి తీరిగ్గా మేసింది. ముసలిదాని బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. నేడో రేపో పోయేదేగా అని మేతాయన కొత్తది వేయలేదు.

పరుగున వెళ్లి సారును పిలుచుకొచ్చాడు. "ఓసారి వంగి చూడండి సార్."

"యంత్రం తప్పు రాస్తుందా?"

"యంత్రానికి చెవే కనబడుతుంది సార్, మూతి కనబడదు. బిళ్ల వేయని తప్పు నాది."

సారు తెల్లకోటుతోనే పెంటలో మోకాళ్లూనారు. చాలాసేపు చూశారు. లేచి, జాబితాలో నలభయ్యో నంబరు కొట్టేశారు.

"ఔదార్యానికీ జన్యువుందయ్యా! మనుషులకూ వర్తిస్తుంది!" మోకాళ్ల పెంటైనా దులుపుకోకుండా కొత్త వ్యాసం రాయడానికి పరుగెత్తారు. వెళ్తూ వెళ్తూ, "ముసలిదానికి బిళ్ల వెయ్" అన్నారు.

బిళ్ల వేస్తే ముసలిదీ లెక్కల్లోకొస్తుంది, వచ్చేవారం లారీ దానిదే. మేతాయనకు ఆ మాట గుర్తులేదు. దేవుడు కొన్ని మరుపులు మంచికే ఇస్తాడు.

ఆ సాయంత్రం తన కంచంలోది సగం తీసి భార్య కంచంలో వేశాడు.

"అయ్యో, ఏమిటండీ ఇది?" అందామె. "యాభై దాటాక వచ్చాయా, మామగారి పోలికలు!"